దొర నోట్లో వలముక్క

మైపాడులో వల చిరిగితే చిన్నపోలయ్య పందిట్లోకి చేరుతుంది. దానికి పెద్ద తతంగమేమీ లేదు. పడవ ఒడ్డెక్కగానే ఎవరో ఒకరు తడి వలను భుజాన వేసుకొచ్చి, పందిట్లో అడ్డంగా కట్టిన వెదురు వాసం మీద పడేసి, "అన్నా, చూడు" అని వెళ్ళిపోతారు. వల ఎవరిదో చెప్పరు, ఎప్పటికి కావాలో చెప్పరు. అతనూ అడగడు. వల తేలడానికి కట్టిన బెండ్ల రంగు చూస్తే అది ఎవరిదో తెలుస్తుంది. చిరుగు చూస్తే అది మునిగిన మొద్దుకు తగిలి పోయిందో, తాబేలు చించిందో, ఇంజను రెక్కల్లో పడిందో తెలుస్తుంది. పోలయ్య పందిట్లో వల ఉందంటే ఇనప్పెట్టెలో ఉన్నట్టేనని ఊళ్ళో మాట. ఆ మాట తప్ప అతనికి వేరే ఆస్తి లేదు.

ఒకప్పుడు అతనూ వేటకు పోయినవాడే. ఒక వానాకాలం ఒడ్డు కెరటాల్లో పడవ తిరగబడి మోకాలి మీద పడింది. ఎముక అతికింది గాని, అలల్లోకి పడవను తోసే బలం మళ్ళీ ఆ కాలికి రాలేదు. సముద్రం అతన్ని చంపలేదు, పనికిరావని ఒడ్డుకు నెట్టేసింది. చచ్చిపోయి ఉంటే ఊరు నాలుగు రోజులు ఏడ్చేది. బతికి ఒడ్డున కూర్చున్నవాణ్ణి చూసి ఎవరూ ఏడవరు. "నీడపట్టున కూర్చొని తినే పని దొరికింది, అదృష్టవంతుడు" అంటారు. అలా అన్నవాళ్ళలో ఒక్కడైనా ఒక పూట ఆ పందిట్లో నడుం వంచి కూర్చున్నవాడు కాదు.

ఆ వాడలో ఒక ఆచారం ఉంది. బిడ్డను మొదటిసారి తొట్టెలో వేసే రోజు, చేతిలో పాత వలముక్క ఒకటి పెడతారు. కొత్తది పనికిరాదు. ఉప్పునీళ్ళు తాగి, చేపను పట్టిన వలే కావాలి. బిడ్డ దాన్ని గుప్పిట పట్టి నోట్లో పెట్టుకుంటే ఇంక వాడికి గంగమ్మ దయ ఉన్నట్టే. ఆ ముక్క కోసి ఇవ్వాల్సింది వలలు బాగుచేసేవాడు. పోలయ్య ఎన్ని ముక్కలు కోసిచ్చాడో అతనికే గుర్తులేదు. అతని ఇంట్లో మాత్రం తొట్టె కట్టలేదు.

అలాంటి ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చింది. ఊరి చివర రొయ్యపిల్లల హేచరీలో సూపర్‌వైజరుగా ఉన్న విజయభాస్కర్ దాన్ని తెచ్చి, షెడ్డు వెనక ఇసకలో ఇనుప జాలీ చుట్టి పెంచుతున్నాడు. ట్యాంకుల మీద కప్పే వలలు కుట్టడానికి పోయినప్పుడల్లా పోలయ్య ఆ జాలీ దగ్గర ఆగేవాడు. జాలీ సందులోంచి వేలు పెడితే అది చీకేది. విజయభాస్కర్‌కు బదిలీ అయ్యింది. "తీసుకుపోతావా పోలయ్యా?" అని అతను ఊరికే అన్నాడు. ఊరికే అన్నాడని తెలిసి కూడా పోలయ్య దాన్ని తువ్వాల్లో చుట్టుకొని ఇంటికి తెచ్చాడు.

"ఏందయ్యా ఇది?" అంది భార్య మహాలక్ష్మి, నెత్తి మీది చేపల గంప దించకుండానే.

"కుక్కపిల్ల."

"నాకూ కండ్లుండాయిలే. ఎవురిదని అడగతుండా."

"సూపర్‌వైజరు సారుది. ట్రాన్స్‌ఫరంట. వాళ్ళింటామె రైల్లో తీసకపోను అన్నిందంట."

"ఆమెకుండే తెలివిలో సగం నీకున్నా బాగుపడుదుము." మహాలక్ష్మి గంప దించి దాని కాళ్ళు పట్టి చూసింది. "పాదాలు చూడు, గున్నేనుగు పాదాల మాదిరి. ఇది పెరిగితే మనం బయట పండుకోవాల్సిందే. ఏం దొరా, ఏం తింటారు దొరగారు? గంజి దిగుతాదా, బిస్కెట్లు తెప్పించాల్నా?"

తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు చెవులు. దొర అనే పేరు అలా వెటకారంగా పడి అలాగే నిలిచిపోయింది.

దొర పెరిగాడు. నాలుగు నెలలు తిరిగేసరికి పోలయ్య మోకాలు దాటాడు. పళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసు, చిగుళ్ళు దురద. దొరికిందల్లా నమిలేవాడు. మహాలక్ష్మి చెప్పులు, చీపురు, గంపల అంచులు, కుక్కి మంచం కోడు, పక్కింటి గురవమ్మ ఆరేసిన లంగా. ఒకరోజు పోలయ్య వాణ్ణి ముందు కూర్చోబెట్టుకొని, మూలపడిన పాత వలలోంచి మూరెడు ముక్క కోసి, నాలుగు మడతలు వేసి, మధ్యలో పగిలిన బెండు ఒకటి ఇరికించి, తాడుతో ముడులు బిగించాడు. ఉప్పు, చేప వాసన దాంట్లో ఇంకి ఉన్నాయి. వాడి నోటి ముందు పెట్టాడు.

"ఇదీ నీ వల. పట్టు."

దొర పట్టాడు. ఆ తర్వాత వదల్లేదు. నిద్రలో కూడా దాని మీద గడ్డం ఆనించి పడుకునేవాడు. పోలయ్య దాన్ని విసిరితే పరుగెత్తుకెళ్ళి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టేవాడు. పెట్టినప్పుడల్లా పోలయ్య నవ్వేవాడు, తల నిమిరి "సెబాసురా" అనేవాడు. వలలు ఇవ్వడానికొచ్చిన కుర్రాళ్ళు చూసి, "పోలయ్యన్నకు శిష్యుడు దొరికినాడబ్బా, ఇంక మన వలలన్నీ పండ్లతోనే కుడతారు" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు పోలయ్యకు బాగానే ఉండేది. బిడ్డ చేతిలో పెట్టే వలముక్కను తన ఇంట్లో పెట్టడం అదే మొదటిసారని అతను పైకి ఎవరితోనూ అనలేదు. మహాలక్ష్మికి తెలిసింది. అందుకే ఆ ముక్క విషయంలో మాత్రం ఆమె వెటకారం ఆడలేదు.

నమలడం ఒక బాధ అయితే, తడపడం రెండోది.

పోలయ్య పందిరి ఇంటిని ఆనుకొనే ఉంటుంది. మూడు వైపులా తాటాకు దడి, ముందు తడిక. కింద సముద్రపు ఇసక. తడి వలల్లోంచి కారే నీళ్ళను తాగడానికి ఇసకను మించింది లేదు. అందుకే పాత ఇసక బరువెక్కినప్పుడల్లా ఎత్తిపోసి, తట్టతో ఒడ్డు నుంచి తెల్లటి పొడి ఇసక తెచ్చి పరిచేవాడు. దొర ఇంట్లో నాపరాళ్ళ మీద ఒక్కసారి కూడా తడపలేదు. వాకిట్లో మట్టి మీద తడపలేదు. తిన్నాక, నిద్ర లేచాక, తిన్నగా పందిట్లోకి పోయి ఇసకలో కాలెత్తేవాడు. పెద్ద కుక్క. పోస్తే చెంబెడు. వాసన వలలకు పట్టేది.

"చేపలకు గూడా ముక్కుంటాదన్నా" అన్నాడు ఒక కుర్రాడు వల ఎత్తుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. వేటకు పోయేముందు వల మీద పసుపునీళ్ళు చల్లి, కర్పూరం వెలిగించి గంగమ్మకు మొక్కే ఊరది. కుక్క తడిపిన వల మీద పసుపునీళ్ళు చల్లడానికి ఎవరి చెయ్యి లేస్తుంది?

గురవమ్మ దడి మీంచి తల పెట్టి సలహా చెప్పింది. "దాంట్లోనే ముక్కు పెట్టి రుద్దన్నా. రుద్ది రెండు తగిలించు. మా అమ్మగారింట్లో అట్నే నేర్పినారు."

"వాడికి బుద్ధి లేదంటావా?"

"బుద్ధుంటే కుక్కయితాడా? దెబ్బకు దెయ్యం గూడా దిగొస్తాదంటారు."

పోలయ్య అలాగే చేశాడు. మెడ వంచి ముక్కు ఇసకలో రుద్దాడు, వాసానికి వేలాడే మోకుముక్కతో వీపున రెండు తగిలించాడు. దొర కుయ్యోమని మూలకు పోయాడు. మర్నాడు పోలయ్య చూస్తున్నంతసేపూ పోయలేదు. పోలయ్య లేచి లోపలికి పోగానే వలల కుప్ప వెనక్కి పోయి పోశాడు. దాన్ని దొంగబుద్ధి అనుకున్నాడు పోలయ్య. మళ్ళీ కొట్టాడు.

పొద్దుటిపూట వాణ్ణి ఒడ్డుకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. అక్కడ దొర మహారాజు. ఎండ్రకాయల వెంట పడేవాడు, కెరటంతో కొట్లాడేవాడు, చివరికి పొడి ఇసక చూసుకొని తడిపేవాడు. "అదీ! ఈడ పొయ్యాల. ఈడ పోస్తే మంచోడివి" అని పోలయ్య వీపు తట్టి, చొక్కా జేబులోంచి ఎండుచేప తీసి పెట్టేవాడు. పెట్టి, వచ్చేటప్పుడు పందిరికి కావాల్సిన ఇసకను తట్టలో నింపుకొని నెత్తిన పెట్టుకొని వచ్చేవాడు. పక్కన దొర నడుస్తూ వచ్చేవాడు. ఇంటికొచ్చి ఆ ఇసకే పరిచేవాడు. ఆ ఇసక మీదే పోసినందుకు సాయంత్రం కొట్టేవాడు.

ఈ మాట ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు తట్ట నెత్తి మీద ఉంది. నెత్తి మీదున్నది మోసేవాడికి కనబడదు.

ఈలోగా దొర పందిట్లో వలల బెండ్లు కొరకడం మొదలుపెట్టాడు. తనకిచ్చిన ముక్కను పక్కన పెట్టి వాసం మీంచి వేలాడే వల అంచును పట్టి లాగేవాడు. "నీ ముక్క నీకిచ్చినాను గదరా, ఇది మందిది" అని పోలయ్య ఎన్నిసార్లు చెప్పాడో. ఇది పాతది, ఇది కొత్తది, ఇది నీది, ఇది పెద్దబోటు హజరత్తయ్యది. వాడి ముక్కుకు అన్నీ ఒకే ఉప్పు వాసన.

మహాలక్ష్మి ఎండుమిరపకాయలు నానబెట్టి నూరి, ఆ ముద్దను బెండ్లన్నిటికీ పూసింది. దొర ఒకసారి నాకి, తుమ్మి, తుమ్మి, నీళ్ళ కుండలో మూతి ముంచి, కుండ పగలగొట్టి, వాకిట్లోకి పారిపోయాడు. ఇద్దరూ తెగ నవ్వుకున్నారు. ఆ నవ్వులో పడి పోలయ్య బెండ్ల మీది కారం సంగతి మరిచిపోయి వల ముందు కూర్చున్నాడు. రెండు వలకన్నులు అల్లి, చెమట కారితే వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే హజరత్తయ్య వచ్చాడు. ఒడ్డున పెద్ద ఫైబర్ బోటు అతనిదే. వయసులో చిన్నవాడైనా ఊళ్ళో అతని మాట చెల్లుతుంది.

"ఏందన్నా, నా వల మీద పడి ఏడస్తుండావు? అంతగా చిరిగినాదా?"

"నీ వల కాదబ్బయా, నా కర్మ" అన్నాడు పోలయ్య రెండు కళ్ళూ మూసుకొని. వెనక నుంచి మహాలక్ష్మి వచ్చి చెంబెడు నీళ్ళు మొహాన కొట్టింది. ఆ రోజు ఊరంతా ఆ కథే చెప్పుకున్నారు. దొర మాత్రం రెండు రోజుల్లో మిరపకారానికి అలవాటుపడ్డాడు.

ఎండాకాలం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట నిషేధం పెట్టింది. ఆ రెండు నెలలూ ఇంజను బోట్లు ఒడ్డున బోర్లా పడుకుంటాయి. ఊరందరికీ ఖాళీ, పోలయ్యకు ఒక్కడికే తీరిక ఉండదు. ఏడాదంతా చిరిగిన వలలన్నీ అప్పుడే వచ్చి వాసం వంగిపోతుంది. హజరత్తయ్య ఈసారి కొత్త వల తెచ్చాడు. నీలం రంగు వల, పసుపు బెండ్లు. "అన్నా, పైన బెండ్లూ, మునగను అడుగున గుండ్లూ నీ చేత్తోనే కట్టాల. నిషేధం ఎత్తేసిన రోజు మొదటి వేటకు ఇదే దించుతా. నీ చేతి వాసి నాకు తెలుసు" అన్నాడు. అలాంటి మాట విని చాలా కాలమైంది పోలయ్యకు. ఆ వల మీద అతను ప్రాణం పెట్టి పనిచేశాడు.

పని ఇక అయిపోతుందనగా లావు దారం నిండుకుంది. నెల్లూరు పోయి తేవాలి. మహాలక్ష్మి ఎండుచేపలు అమ్ముకోవడానికి పొద్దున్నే ఇందుకూరుపేట వెళ్ళింది. ఎప్పుడైనా బయటికి పోవాల్సొస్తే పోలయ్య దొరను వాకిట్లో గుంజకు కట్టేసి పోయేవాడు. ఆ రోజు రోహిణి కార్తె ఎండ. గుంజ దగ్గర మట్టి పెనంలా కాలుతోంది. దొర నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. పోలయ్య రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. తాడు విప్పి పందిట్లోకి తోలి, గిన్నె నిండా నీళ్ళు పెట్టి, వాడి వలముక్కను ముందు వేశాడు.

"బిరీన వస్తా. నువ్వే కాపలా. ఎవుర్నీ రానీబాక" అని తడిక మూసి తాడు కట్టాడు.

జాలిపడి చేసిన పని అది. అదే కొంప ముంచింది.

దారం కొట్టు ఆలస్యంగా తెరిచారు. వచ్చేటప్పుడు బస్సు దారిలో ఆగిపోయింది. పొద్దు వాలుతుండగా పోలయ్య ఇంటికొచ్చి తడిక తీశాడు.

లోపల్నుంచి దొర ఎగురుకుంటూ వచ్చాడు. నోట్లో నీలం వలముక్క, దానికి వేలాడుతూ పసుపు బెండు. వచ్చి ఆ ముక్కను పోలయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. పెట్టి, వెనక్కి జరిగి కూర్చొని, తోకతో ఇసకను ఊడుస్తూ అతని మొహంలోకి చూశాడు. తల నిమురుతాడని.

పోలయ్య వాడి వెనక చూశాడు. వల వాసం మీంచి జారి ఇసకలో కుప్పగా పడి ఉంది. మధ్యలో మనిషి దూరేంత కంత. బెండ్లు నమిలిన పిప్పి పందిరంతా పసుపుగా పరుచుకొని ఉంది.

మోకుముక్క చేతికి ఎప్పుడొచ్చిందో అతనికి తెలియదు. ఎన్ని దెబ్బలు కొట్టాడో తెలియదు. దొర పారిపోలేదు. తడిక తెరిచే ఉంది, అయినా పారిపోలేదు. పొట్ట నేలకు అదిమి, చెవులు వెనక్కి వంచి, అక్కడే, ఆ నీలం వల మీదే భయంతో తడిపేశాడు. అంతకుముందు ఆ ముక్కను ముక్కుతో ఇంకొంచెం పోలయ్య కాళ్ళ దగ్గరికి జరిపాడు. సరిగ్గా పెట్టలేదేమో, అందుకే కొడుతున్నాడేమో అనుకున్నట్టు.

అది గుర్తొచ్చినప్పుడల్లా పోలయ్యకు ఇప్పటికీ అన్నం సయించదు.

హజరత్తయ్య వచ్చి చూశాడు. తిడితే బాగుండునని పోలయ్య ఎదురుచూశాడు. అతను తిట్టలేదు. వలను ఎత్తి వాసన చూసి, మళ్ళీ కింద పెట్టాడు.

"నువ్వేం చేస్తావులే అన్నా. నోరు లేనిది" అన్నాడు. అని ఇద్దరు మనుషుల్ని పిలిచి వల ఎత్తించుకొని పోయాడు. అది ఎక్కడికి పోయిందో, ఎవరు బాగుచేశారో పోలయ్యకు చెప్పలేదు.

మర్నాటి నుంచి ఒక్కొక్కరే వచ్చారు. "మా తమ్ముడు కుడతానన్నాడన్నా." "ఈ ఏడు పాతదాంతోనే సరిపెట్టుకుంటామన్నా." "వల అవసరం పడ్డాదన్నా, మళ్ళీ తెస్తాలే." ఒక్కరూ కుక్క మాట ఎత్తలేదు. మన ఊళ్ళలో మర్యాద అంటే అదే. కారణం తప్ప మిగతావన్నీ చెబుతారు. వాసం ఖాళీ అయింది. బరువు తగ్గి పైకి లేచింది. ఉట్టి వాసం కింద పోలయ్య చెక్క సూది చేతిలో పట్టుకొని కూర్చున్నాడు.

 మూడో రోజు అన్నం పెడుతూ మహాలక్ష్మి అంది.

"వాడుంటే వల రాదు. వల రావాలంటే వాడుండకూడదు. చెప్పేదానికి నాకూ నోరు రావడంలా. కానీ నువ్వు చెప్పవు గదా."

పోలయ్య కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

కోవూరులో రహ్మాన్‌కు సరుగుడు కట్టెల అడితి ఉంది. మైపాడు వైపు తోపుల్లో సరుగుడు కొనడానికి చిన్న లారీ వేసుకొని వస్తుంటాడు. పందిరి గుంజలు కూడా అతను ఇచ్చినవే. అడితికి కాపలా కుక్క కావాలని ఎప్పుడో అన్నాడు. ఆ వారం వచ్చినప్పుడు మహాలక్ష్మే అడిగింది. అతను సరేనన్నాడు.

దొర లారీ ఎక్కలేదు. రహ్మాన్ లాగాడు, డ్రైవరు వెనక నుంచి ఎత్తబోయాడు. నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడ్డాడు. అప్పుడు పోలయ్య కుంటుకుంటూ వెళ్ళి తానే లారీ ఎక్కాడు. వెంటనే దొర ఒక్క గెంతులో ఎక్కి అతని పక్కన కూర్చొని, భుజం మీద గడ్డం పెట్టాడు. రహ్మాన్ తాడును కట్టెలకు బిగించాడు. పోలయ్య రెండో పక్క నుంచి దిగిపోయాడు.

లారీ కదిలాక దొర మొరగలేదు. దిగినవాడు మళ్ళీ ఎక్కుతాడని చూస్తున్నట్టు చూస్తూనే పోయాడు. అన్నం గిన్నె ఇవ్వడం మరిచిపోయానని మహాలక్ష్మి గిన్నె పట్టుకొని రోడ్డు దాకా పరుగెత్తింది. వలముక్కను మాత్రం పోలయ్య కావాలనే ఇవ్వలేదు. ఇంక వాడికి వల వాసన వద్దనుకున్నాడు. దాన్ని చూరులో చెక్కాడు.

వానలొచ్చాయి. ఒకటొకటిగా వలలు మళ్ళీ వాసం మీదికొచ్చాయి. కార్తీకం నాటికి హజరత్తయ్య కూడా ఒక పాత వల పంపించాడు, తాను రాకుండా. మహాలక్ష్మి చెప్పింది నిజమే అయింది. నిజమైనంత మాత్రాన మనసుకు ఎక్కాలని లేదు. పోలయ్య పనిచేస్తూ చేస్తూ పక్కకు చెయ్యి చాపేవాడు, తల నిమరడానికి. ఇసక తగిలేది.

దారానికని నెల్లూరు బయల్దేరిన ఒక పొద్దున, చూరులోంచి వలముక్క తీసి సంచిలో వేసుకొని, అతను అక్కడ దిగకుండా పెన్న వంతెన దాటి కోవూరు పోయాడు. వాణ్ణి వెనక్కి అడుగుదామనే పోయాడు. ఎలా పెట్టుకోవాలో, ఎక్కడ కట్టుకోవాలో ఏమీ ఆలోచించలేదు. అడగాలని మాత్రం అనుకున్నాడు.

రహ్మాన్ కుర్చీ వేసి టీ తెప్పించాడు. దొర అడితి వెనక ఉన్నాడట.

"నీ కుక్క బంగారమన్నా. మా ఇంటామె మెహబూబున్నీసా మొదట్లో, నమాజు చేసుకునే ఇంటికాడ కుక్కేందని పోట్లాట పెట్టినాది. ఇంట్లోకి రాడు, అడితి దాటడు అని ఒప్పించినా. ఇప్పుడు వాడి అన్నం గిన్నె ఆమే తెచ్చి పెడతాది."

"తడపడా?" అన్నాడు పోలయ్య.

"అదే అడగాలనుకుంటుండా. వాడికి అది ఎవురు నేర్పినారన్నా? వచ్చిన రోజు అడితంతా వాసన చూసుకుంటా తిరిగినాడు. వెనక గోడ కట్టేదానికి తోలిచ్చిన ఇసక కుప్ప ఉండాది. దాని మీద పోసినాడు. ఈ రోజు దాకా ఇంకో చోట పొయ్యలే. మట్టి మీద పొయ్యడు, రంపపుపొట్టు మీద పొయ్యడు. వానకు తడస్తా గూడా ఆడికే పోతాడు. గోడ కట్టడం అయిపోయినా ఆ నాలుగు తట్టల ఇసక వాడి కోసరమని వదిలేసినా. నేనేం నేర్పలేదన్నా. నేర్పిండే కుక్కను నువ్వే పంపించినావు."

పోలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. హేచరీ షెడ్డు వెనక జాలీ కనబడింది. జాలీ లోపల ఇసక. కళ్ళు తెరిచినప్పట్నుంచీ వాడి కాళ్ళ కింద ఉన్నది ఇసకే. తర్వాత ఒడ్డున తన చేత్తో వీపు తట్టి, చేప పెట్టి, ఈడ పొయ్యాలని చెప్పింది ఇసక మీదే. తర్వాత తట్ట. తట్టలోది పందిట్లో పరిచింది ఎవరు? వాకిట్లో ఒక మూల వాడికి ఇంత ఇసక పోసి, పందిట్లో వలలు ఉన్న చోట ఇసక బదులు పాత గోనెలు పరిచి ఉంటే సరిపోయేది. ఇంతే కదా. ఇంతేనని ఏడాదికి గాని తెలియలేదు.

"కొరకడం?" అన్నాడు.

"కొబ్బరి డొక్కలు ఇస్తుండా. వాటిని పీకి పీచు చేసి పెడతాడు. మా కట్టె ఒకటి గూడా ముట్టలే." రహ్మాన్ గేటు వైపు చెయ్యి చూపించాడు. "ఒకసారి మాత్రం, మీ వైపు చేపల బండి ఒకటి టైరు పంచరై మా గేటు ముందర నిలబడినాది. దాని మీద కప్పిన వలను పండ్లతో పట్టి లాగేసినాడు. కొరకలేదన్నా, కింద పెట్టుకొని రోడ్డు వైపు మొగం పెట్టి కూర్చున్నాడు. బండోడు అరస్తా ఉండాడు, నేను పిలస్తా ఉండా, కదల్లే. ఎవురికో ఇచ్చేదానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు."

అప్పుడే దొర వచ్చాడు. ఇంకా పెరిగాడు, మెడ లావైంది. వాసన పట్టి ఆగాడు, ఆగి పరుగెత్తుకొచ్చాడు, ఒళ్ళంతా తోకే అయినట్టు ఊగిపోతూ. పోలయ్య కుర్చీలోంచి లేచాడు. సంచి ఎడమచేతిలోకి మార్చుకొని, తల నిమురుదామని కుడిచెయ్యి ఎత్తాడు.

చెయ్యి లేవడం చూసి దొర నేలకు కరుచుకుపోయాడు. చెవులు వెనక్కి పోయాయి. తోక ఇంకా ఊగుతూనే ఉంది. రంపపుపొట్టు మీద, వాడి పొట్ట కింద నుంచి, తడి మెల్లగా పాకింది.

"అరెరె, ఎన్నడూ లేంది! ఏందిరా దొరా, మీ అయ్యే గదరా!" అన్నాడు రహ్మాన్ ఆశ్చర్యంగా.

పోలయ్య చెయ్యి దించాడు.  దొర పాక్కుంటూ వచ్చి అతని పాదం నాకాడు. అప్పుడు కూడా అతను చెయ్యి కదపలేదు, మళ్ళీ భయపడతాడని.

"తీసకపోతావా అన్నా? నీ మొగం చూస్తే అట్టనే ఉండాది. తీసకపోతానంటే నేను కాదనను."

"వద్దులే రహ్మాన్. ఈడ బాగుండాడు" అన్నాడు పోలయ్య.

సంచిలోంచి వలముక్క తీయకుండానే బస్సెక్కాడు.

ఇంటికొచ్చేసరికి గురవమ్మ పందిట్లో కూర్చొని మహాలక్ష్మితో మాట్లాడుతోంది. ఆమె కూతురికి మగబిడ్డ పుట్టాడు. తొట్టెలో వేసే రోజు దగ్గరపడింది.

"వచ్చినావా అన్నా, నీ కోసరమే ఉండా. మనవడి చేతికి వలముక్క కావాల." పోలయ్య సంచి దించగానే అందులోంచి బయటికి కనబడుతున్న ముక్కను ఆమె లాగింది. "ఇదుండాదే, పాతదే గదా. ఇదియ్యి చాలు. అబ్బ, ఇదేంది, ఇన్ని పండ్ల గాట్లు!"

"అది ఇటియ్యి. అది దొరది" అన్నాడు పోలయ్య, ఆమె చేతిలోంచి తీసుకుంటూ.

దాన్ని మళ్ళీ చూరులో చెక్కి, మూలనున్న పాత వలల్లో వెతికి, బాగా ఉప్పు పట్టిన దాన్ని ఏరి, జానెడు ముక్క కోశాడు. అంచులు ముడేశాడు. గురవమ్మ చేతిలో పెట్టి, వెంటనే వదల్లేదు.

"గురవమ్మా, పెద్దయినాక వల పట్టుకున్నాడని వాణ్ణి కొట్టబాకండి."

గురవమ్మ మహాలక్ష్మి వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూసి నవ్వింది.

"ఇదేం మాటన్నా? వల పట్టుకున్నాడని ఎవురైనా బిడ్డను కొడతారా ఏంది?"

మహాలక్ష్మి నవ్వలేదు. లేచి లోపలికి పోయింది. పోలయ్య ముక్కను వదిలి, వల ముందు కూర్చొని, చెక్క సూదిలో దారం నింపుకోసాగాడు.